నలుగురిలో నోరు పెగలదు: ఇది భయమా, మాట్లాడటం రాకపోవడమా?

వెనకబెంచీ

చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఈ పోస్టు కూడా రాసి చెరిపి, రాసి చెరిపి పెడుతున్నాను.

ఒకరిద్దరు దగ్గరివాళ్ళతో నాకు మాటలకు కొదవ లేదు. ఇంట్లో అయితే నన్ను ఆపాల్సి వస్తుంది. కొత్తవాళ్ళో, పైఅధికారులో, నలుగురు కూడిన చోటో అయితే మాత్రం నోరు పెగలదు. మీటింగ్‌లో "అందరూ ఒకసారి పరిచయం చేసుకోండి" అంటారు కదా. నా వంతు ఇంకా నలుగురి అవతల ఉండగానే గుండె దడ మొదలవుతుంది. ముందువాళ్ళు చెప్పిన పేరు ఒక్కటీ చెవికెక్కదు. ఆ టైములో నేను లోపల నా పేరు, నా పని వల్లె వేసుకుంటూ ఉంటాను. నా పేరు నేను మర్చిపోతానా? అయినా అదే వరస. తీరా వంతు వచ్చాక సన్నటి గొంతుతో రెండు ముక్కలు గబగబా అనేసి కూర్చుంటాను.

వ్యక్తిత్వ వికాసం వీడియోలు చాలా చూశాను. కళ్ళలోకి చూడండి, భుజాలు నిటారుగా పెట్టండి, నవ్వుతూ మాట్లాడండి అంటారు. అవన్నీ గుర్తుపెట్టుకుని చేయబోతే ఇంకా బిగుసుకుపోతున్నాను. మొన్నామధ్య ప్రమోషన్ తీసుకుంటావా అని అడిగితే వద్దన్నాను, టీమ్‌ని నడపాలి కాబట్టి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా ప్రశ్న ఇదీ. నాకు మాట్లాడే నేర్పు లేదా, లేక ఇదంతా భయమేనా? రెండింటికీ ఒకటే మందా?

చురకత్తి

బ్రో, అంతా మైండ్‌లోనే ఉంది. ఎవడేమనుకుంటే నీకేంటి? ధైర్యం చేసి మాట్లాడెయ్. నాలుగుసార్లు మాట్లాడితే అదే పోతుంది.

గడ్డిపువ్వు

"ఎవడేమనుకుంటే నీకేంటి" అనే సంగతి భయపడేవాళ్ళకి తెలియదనుకున్నారా? తెలుసు. తెలిసినా గుండె వినదు, అదే కదా సమస్య. నేను కాలేజీ మూడేళ్ళూ రోజూ జనంలోనే తిరిగాను. నాలుగుసార్లు కాదు, లెక్కలేనన్నిసార్లు మాట్లాడాల్సి వచ్చింది. మొదటి ఏడాది ఎంత భయమో చివరి ఏడాదీ అంతే.

పాతకాపు

వెనకబెంచీ గారూ, మీ పోస్టులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ముందువాళ్ళు చెప్పిన పేరు ఒక్కటీ చెవికెక్కదు." గడ్డిపువ్వు గారికి భయం ఎందుకు తగ్గలేదో దానికి కూడా జవాబు అందులోనే ఉంది.

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఈ భయం ఏళ్ళ తరబడి ఎందుకు తగ్గకుండా ఉంటుందో వివరించారు. వాళ్ళు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. జనంలోకి వెళ్ళగానే మన దృష్టి బయటి నుంచి లోపలికి తిరిగిపోతుంది. దడ, గొంతు వణుకు, మొహంలో వేడి ఇవన్నీ లోపల ఎంత గట్టిగా తెలుస్తున్నాయో బయటికి కూడా అంతే కనిపిస్తున్నాయని నమ్ముతాం. కనిపిస్తున్నాయో లేదో తెలియాలంటే ఎదుటివాళ్ళ మొహం చూడాలి. మనం చూడం. కాబట్టి ఎంత జనంలో తిరిగినా ఆ నమ్మకం తప్పని తేలే అవకాశమే రాదు.

రెండోది మన జాగ్రత్తలు. థెరపీలో సేఫ్టీ బిహేవియర్స్ అంటారు. వాక్యాన్ని ముందే వల్లె వేయడం, వీలైనంత తక్కువ మాట్లాడటం, ఫోన్‌లో ఏదో పనున్నట్టు నటించడం, చెమట కనబడకుండా ముదురు రంగు చొక్కా వేసుకోవడం, చెయ్యి వణుకుతుందని నీళ్ళ గ్లాసును గట్టిగా బిగించి పట్టుకోవడం. ఆ చివరిది ఇంట్లో ఒకసారి చేసి చూడండి. బిగించిన కొద్దీ చెయ్యి ఎక్కువే వణుకుతుంది. చాలా జాగ్రత్తల సంగతి అంతే, ఏది రాకూడదనుకుంటామో దాన్నే తెచ్చిపెడతాయి. ఒకవేళ పని జరిగినా "జాగ్రత్త పడ్డాను కాబట్టి బయటపడ్డాను" అనుకుంటాం గానీ, అసలు ప్రమాదమే లేదని అనుకోం. గడ్డిపువ్వు గారికి మూడేళ్ళు గడిచినా భయం తగ్గకపోవడానికి నా ఉద్దేశంలో ఇదే కారణం.

నాకు థెరపిస్టు చేయించిన ప్రయోగం చెబుతాను. ముక్కూమొహం తెలియని ఒకావిడతో కాసేపు మాట్లాడమన్నారు. మొదటిసారి నా జాగ్రత్తలన్నీ పాటిస్తూ, నన్ను నేను గమనించుకుంటూ. రెండోసారి జాగ్రత్తలన్నీ వదిలేసి, ఆవిడ ఏం చెబుతోందో దాని మీదే ధ్యాస పెట్టి. రెండూ వీడియో తీశారు. చూపించే ముందు, నేను ఎలా కనిపిస్తానో కాగితం మీద రాయమన్నారు. గొంతు వణుకు పదికి తొమ్మిది, మొహం కందిపోవడం పదికి ఎనిమిది అని రాశాను. వీడియోలో వణుకు నాకే వినబడలేదు. వినబడింది, కనబడింది వేరే. మొదటి వీడియోలో ఆవిడ అడిగిన దానికి ఒక్క ముక్క జవాబిచ్చి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. చూసేవాళ్ళకి నేను భయపడుతున్నట్టు లేదు, ఆవిడంటే గిట్టనట్టు ఉంది.

మీ ప్రశ్నకి ఇంకోలా కూడా చెప్పొచ్చు. ఇంట్లో మిమ్మల్ని ఆపాల్సి వస్తుందన్నారు కదా, అంటే నేర్పు ఉంది. ఎవరో తూకం వేస్తున్నారు అనిపించిన చోట అది అందకుండా పోతోంది. భుజాలు, కళ్ళు, నవ్వు అని వీడియోలు చెప్పినవన్నీ మీ ధ్యాసను మళ్ళీ మీ మీదికే తిప్పుతున్నాయి. బిగుసుకుపోరా మరి!

వెనకబెంచీ

పాతకాపు గారూ, ముదురు రంగు చొక్కా దగ్గర నవ్వొచ్చింది. నా బీరువాలో లేత రంగు ఒక్కటీ లేదు.

కానీ ఒక అనుమానం. జాగ్రత్తలు వదిలేస్తే నిజంగానే ఏం మాట్లాడాలో తోచకపోతే? ముఖ్యంగా గుంపులో. నేను వాక్యం సిద్ధం చేసుకునేలోపు వాళ్ళు వేరే టాపిక్‌కి వెళ్ళిపోతారు. ఒకరితో ఉన్నా మధ్యలో నిశ్శబ్దం వచ్చిందంటే నా వల్లే వచ్చింది అనిపిస్తుంది.

స్వరపేటిక

నేను స్పీచ్ థెరపీ చేస్తాను, ఈ ప్రశ్న రోజూ వింటాను.

పది వేర్వేరు భాషల్లో సంభాషణలు కొలిచి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకరు మాట ఆపాక రెండోవాళ్ళు అందుకోవడానికి పట్టే సగటు విరామం సెకనులో ఐదో వంతుకు అటూఇటూ వచ్చింది. ఒక మాట నోటికి తెచ్చుకోవడానికే అంతకంటే ఎక్కువ టైము పడుతుంది. అంటే అవతలివాళ్ళు ఆపాక ఎవరూ ఆలోచించడం లేదన్నమాట. వాళ్ళు మాట్లాడుతుండగానే ఎక్కడ ఆపుతారో చెవి పసిగడుతుంది, మన మాట సిద్ధమవుతూ ఉంటుంది. మీరు లోపల వల్లె వేస్తుంటే ఆ చెవి మూతపడుతుంది. కాబట్టి గుంపులో వెనకబడిపోవడం తెలివి తక్కువై కాదు, వినడం ఆగిపోయి.

గుంపులో నేను నేర్పించే పద్ధతి ఒకటుంది. కొత్త విషయం తేవాలని చూడకండి. ఆఖరున మాట్లాడినవాళ్ళ మాటల్లోంచి ఒక ముక్క పట్టుకోండి. ఎవరో "ఇల్లు మారాక రోజూ లేటవుతోంది" అన్నారనుకోండి. "లేటా, దూరం ఎక్కువైందా?" అంతే చాలు. మొదటి మాట కాస్త గట్టిగా అనండి, మిగతాది మామూలుగా. జనం మొదటి మాటకే తల తిప్పుతారు, అది వినబడకపోతే తర్వాత మీరెంత మంచి సంగతి చెప్పినా వృథా. అనే ముందు కొంచెం ముందుకు వంగడం, ఊపిరి తీసుకోవడం కూడా "నేనూ చెప్పబోతున్నాను" అని అందరికీ తెలియజేస్తాయి.

అన్నట్టు, ఎదుటివాళ్ళు చెప్పినదాని మీదే ఇంకో ప్రశ్న వేసేవాళ్ళని జనం ఎక్కువ ఇష్టపడతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో చూపించారు. "మీదే ఊరు, ఏం చేస్తుంటారు" అని వరసగా ఫారం నింపినట్టు అడిగితే రాదు ఆ ఫలితం. విన్నట్టు తెలియాలి, అదీ కిటుకు.

నిశ్శబ్దం గురించి: సంభాషణలో నాలుగు సెకన్లు ఖాళీ వస్తే మామూలు మనుషులకి కూడా తమని దూరం పెట్టినట్టు అనిపిస్తుందని 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో తేలింది. కాబట్టి మీకు ఇబ్బందిగా ఉన్నప్పుడు అవతలి మనిషీ "నా వల్లేనేమో" అనుకుంటూ ఉండొచ్చు. పూరించే బాధ్యత మీ ఒక్కరిదీ కాదు.

నీలికలువ

అందరూ ఒకే దారిలో వెళ్ళిపోతున్నారు కాబట్టి కొంచెం అడ్డం పడతాను.

నాకు ముప్పై దాటాక ఆటిజం అని తేలింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి సోషల్ యాంగ్జైటీ, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ జనభయం, అని చికిత్స చేశారు. "జనంలోకి వెళ్ళండి, మీరు అనుకున్నంత చెడ్డగా ఏమీ జరగదు" అనేవారు. నాకు నిజంగానే జరిగేది! వెటకారం అర్థమయ్యేది కాదు, "వీలు చూసుకుని కలుద్దాం" అంటే డైరీ తీసి తేదీ అడిగేదాన్ని, వాళ్ళు నవ్వుకునేవారు. నా భయం ఊహ కాదు, అనుభవం. అలాంటివాళ్ళకి "నీ అంచనా తప్పు" అని చెబితే గాయం మీద కారం చల్లినట్టే.

తేడా ఎలా పోల్చుకోవాలంటే, నా అనుభవంలో ఇదీ. వెనకబెంచీ గారికి ఇంట్లో మాట దొర్లుతుంది. నాకు ఇంట్లో, భయం ఇసుమంత లేని చోట కూడా సూచనలు అందేవి కాదు, నా వంతు ఎప్పుడో తెలిసేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పైగా శబ్దాలు, వెలుతురు, నలుగురు ఒకేసారి మాట్లాడటం భరించలేను. కళ్ళలోకి చూస్తే వినడం కుదరదు, వింటే చూడటం కుదరదు. ఆటిజం, ఈ భయం రెండూ కలిసి కూడా ఉంటాయి. నాకు ఆటిజం వల్ల వచ్చిన ఎదురుదెబ్బల మీద భయం కూడా పేరుకుంది.

ఇంకో మాట. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో ఒక వాదన తెచ్చారు. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండు రకాల మనుషుల మధ్య రెండువైపులా ఉన్న ఇబ్బంది అని. 2020లో ఎడిన్‌బరోలో ఒక ప్రయోగం చేశారు. ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలోనూ, ఎవరూ కాని వరసలోనూ కథ దాదాపు ఒకేలా నిలబడింది. రెండు రకాలవాళ్ళనీ కలిపిన వరసలో ఎక్కువ వివరాలు జారిపోయాయి. కాబట్టి దయచేసి "మామూలుగా కనిపించడం" నేర్పకండి. రోజంతా నటించి ఇంటికొచ్చి రాత్రి మాట పడిపోయినట్టు పడుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు పనికొచ్చింది వేరే: "నేను వెటకారం పట్టుకోలేను, నేరుగా చెప్పండి" అని టీమ్‌కి చెప్పడం, మీటింగ్ అజెండా ముందే అడిగి తీసుకోవడం, రాతలో మాట్లాడే వీలు ఉంచుకోవడం.

స్వరపేటిక

నీలికలువ గారు చెప్పింది చాలా ముఖ్యం. నా దగ్గరికి "భయం" అని వచ్చినవాళ్ళలో కొందరికి అసలు సంగతి నత్తి ఉంటుంది, కొందరికి వినికిడి తక్కువ ఉంటుంది, కొందరికి డిప్రెషన్. ఆటిజం కాకుండా, మాటని సందర్భానికి తగ్గట్టు వాడటంలోనే ఇబ్బంది ఉండే సమస్య ఇంకోటి కూడా ఉంది, దాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథమైన డీఎస్‌ఎమ్-5లో విడిగా చేర్చారు. ముందు ఏది ఏదో తేల్చుకోవాలి. కళ్ళలోకి చూడమని నేనైతే ఎవరినీ బలవంతపెట్టను. నుదురో, గడ్డమో చూసినా మాట ఆగదు.

పల్లవి

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. బడిలో టీచర్ అడిగితే జవాబు తెలిసినా లేవడు. ఫోన్ మోగితే పక్కగదిలోకి పారిపోతాడు. ఎవరైనా పేరు అడిగితే నా వైపు చూస్తాడు, నేను చెబుతాను. అందరూ "పెద్దయ్యాక అదే పోతుంది" అంటున్నారు. వదిలేయాలా, తిట్టాలా, ఏం చేయాలి? వాడికి వినబడేలా "వీడికి సిగ్గండీ" అని చెప్పడం కూడా నాకు అలవాటైపోయింది.

పాతకాపు

పల్లవి గారూ, తిట్టొద్దు. అలాగని వదిలేయొద్దు కూడా. ఈ భయం ఎక్కువమందిలో మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. దానంతట అదే పోయేవాళ్ళు ఉన్నారు గానీ, చాలామందికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, ఈలోపు ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ఉద్యోగం చేయాలి అనేవి కూడా అదే నిర్ణయించేస్తుంది. వెనకబెంచీ గారి ప్రమోషన్ చూశారుగా.

ఎదుటివాళ్ళు పేరు అడిగారు, మీరు చెప్పారు. ఆ నిమిషంలో వాడి టెన్షన్ దిగిపోతుంది, మీదీ దిగిపోతుంది. వాడికి మాత్రం "అమ్మ లేకపోతే నేను గట్టెక్కలేను" అని ఇంకోసారి రూఢి అవుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే ఆయన పిల్లలతో కాకుండా తల్లిదండ్రులతోనే పనిచేసే ఒక పద్ధతి తయారుచేశారు, స్పేస్ అంటారు. పిల్లల ఆందోళనల మీద దాన్ని మామూలు థెరపీతో పోల్చి చూస్తే ఫలితంలో తీసిపోలేదు. అందులో ముఖ్యంగా రెండే పనులు. ఒకటి, "నీకు కష్టంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు" అని రెండు ముక్కలూ కలిపి చెప్పడం. ఒక ముక్కే చెబితే కుదరదు. రెండు, వాడి బదులు మీరు చేస్తున్న పనుల్లో ఒకదాన్ని ముందే చెప్పి ఆపడం. "వచ్చే వారం నుంచి నీ పేరు ఎవరైనా అడిగితే నేను చెప్పను" అనండి. హఠాత్తుగా అందరి ముందు ఆపొద్దు. వాడు చెప్పకపోతే ఆ ఖాళీని అలాగే ఉండనివ్వండి. కష్టం మీకే, చూసుకోండి.

గడ్డిపువ్వు

"వీడికి సిగ్గండీ" అనడం ఆపేయండి అక్కా, అన్నిటికంటే ముందు అది. నా గురించి అందరూ అలా అంటుంటే, అది నా ఉద్యోగం అన్నట్టు నేను సిగ్గుపడుతూ ఉండేదాన్ని.

బడిలో కూడా ఒకసారి కనుక్కోండి. ఎవరైనా ఏడిపిస్తున్నారేమో. అదే ఉంటే ముందు ఆపాల్సింది దాన్ని, వాడి భయాన్ని కాదు.

రాత్రిడ్యూటీ

మందుల గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు తెలిసినాయన ఒకరు ప్రజెంటేషన్ ముందు గుండె దడ తగ్గడానికి ఒక మాత్ర వేసుకుంటారు, అద్భుతంగా పనిచేస్తుందట. పేరు, డోసు ఎవరైనా చెబుతారా?

నిర్వాహకులు

డోసులు ఇక్కడ రాయకండి, రాస్తే తొలగిస్తాం. సాధారణ సమాచారం రాయొచ్చు.

మాత్రలడబ్బా

ఫార్మసీలో పనిచేస్తాను, సాధారణ సమాచారం మాత్రమే రాస్తాను.

మీరు చెబుతున్నది బహుశా ప్రొప్రనొలాల్. గుండె దడ, చేతి వణుకు తగ్గిస్తుంది, ఆలోచనల్ని మార్చదు. స్టేజి ఎక్కడం లాంటి ఒక్క సందర్భానికే భయం ఉన్నవాళ్ళు కొందరు డాక్టర్ చెబితే వాడతారు. రోజూ ప్రతి మనిషితోనూ ఉండే భయానికి అది వైద్యం కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకి, బీపీ తక్కువ ఉండేవాళ్ళకి కూడా ఇబ్బంది. స్నేహితుడి స్ట్రిప్‌లోంచి ఒకటి తీసి వేసుకునే రకం కాదు.

రోజువారీ భయానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం: సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి. ఇవి వేసుకున్న రోజే పనిచేయవు, వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, కొందరికి టెన్షన్ కాస్త పెరిగినట్టు ఉండటం మామూలు. ఆ దశలోనే "నాకు పడలేదు" అని చాలామంది మానేస్తారు. కుదుటపడ్డాక కూడా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. ఆల్ప్రజోలం లాంటివి వెంటనే నిదానం చేస్తాయి, అందుకే అలవాటు పడిపోతారు.

ఇంకో మందు ఎవరూ మందు అనుకోరు, మద్యం. "రెండు పడితే గానీ మాట రాదు" అనేవాళ్ళలో ఈ భయం ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. పాతకాపు గారి లెక్కలో అదీ ఒక జాగ్రత్తే, అన్నిటికంటే ఖరీదైన జాగ్రత్త.

చురకత్తి

ఇంత చదివాక నాకు అర్థమైంది ఒకటే. చివరికి మీరందరూ చెప్పేదీ "వెళ్ళి మాట్లాడు" అనే కదా! ఆల్బర్ట్ ఎల్లిస్ అనే పెద్ద సైకాలజిస్టు పందొమ్మిదేళ్ళప్పుడు అమ్మాయిలంటే భయమని, న్యూయార్క్‌లో ఒక బొటానికల్ గార్డెన్‌కి రోజూ వెళ్ళి నెల రోజుల్లో వందమందితో మాటలు కలిపాడట. ఆయనే చెప్పుకున్నాడు. ఒక్క అమ్మాయే మళ్ళీ కలుస్తానంది, ఆవిడా రాలేదు. కానీ భయం పోయింది. నేను మొదట చెప్పింది ఇదే.

గడ్డిపువ్వు

బెంచీ మీద ప్రశాంతంగా కూర్చున్న ఆ వందమందిని కూడా ఎవరైనా అడగాల్సింది 🙂 మీ ప్రాక్టీసుకి ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్ళని ఎంచుకోకండి బాబూ. టైమెంతని అడగడానికి, దారి అడగడానికి, కౌంటర్లో ఉన్న మనిషితో రెండు మాటలు అనడానికి ప్రపంచంలో బోలెడు చోట్లున్నాయి.

పాతకాపు

చురకత్తి గారు సగం కరెక్టే. భయపడే చోటికి వెళ్ళకుండా ఈ భయం తగ్గించే దారి నాకు తెలిసి లేదు. మిగతా సగం, ఎలా వెళ్ళాలి అన్నది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించుకుని వెళ్ళొస్తే "ఈసారికి గండం గడిచింది" అనే మిగులుతుంది. ఎల్లిస్‌కి పనిచేసింది ధైర్యం ఒక్కటే కాదు. మాట్లాడితే ఘోరం జరిగిపోతుంది అనుకున్నాడు, వందమందిలో ఎవరూ పోలీసుల్ని పిలవలేదు. అంచనాకీ జరిగినదానికీ తేడా కళ్ళారా చూశాడు.

మిషెల్ క్రాస్క్ అనే పరిశోధకురాలి బృందం 2014లో, భయపడే చోటికే వెళ్ళి భయం తగ్గించుకునే ఎక్స్‌పోజర్ థెరపీ గురించి రాసిన దాంట్లో పట్టుబట్టింది దీన్నే. భయం తగ్గేదాకా అక్కడే నిలబడటం ముఖ్యం కాదు, ఏం జరుగుతుందని భయపడ్డామో అది జరిగిందా లేదా అన్నది ముఖ్యం. అందుకే వెళ్ళే ముందు అంచనా రాసి పెట్టుకోవాలి. అది కూడా తేలేలా రాయాలి. "అందరూ నన్ను తక్కువగా చూస్తారు" అంటే ఎలా తేలుతుంది? "నేను ప్రశ్న అడిగితే కనీసం ఒకరు నవ్వుతారు, ఎవరూ జవాబివ్వరు" అని రాయండి. అది తేలుతుంది.

ఇంకోటి, జాగ్రత్తలన్నీ పట్టుకుని వెళ్తే లెక్కలోకి రాదు. ఆ రోజుకి ఒక్క జాగ్రత్త వదలండి.

వెనకబెంచీ

కొంత గ్యాప్ తర్వాత రాస్తున్నాను. పాతకాపు గారు చెప్పినట్టు రాసుకుని రెండు సందర్భాలు చేశాను. ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

ఒకటి. మీటింగ్‌లో ప్రశ్న అడగడం. అనుకున్నది: అందరూ తిరిగి చూస్తారు, గొంతు వణుకుతుంది, మేనేజర్ "ఇది కూడా తెలియదా" అంటారు. వదిలిన జాగ్రత్త: వాక్యం వల్లె వేయలేదు. జరిగింది: ఇద్దరు తిరిగి చూశారు, ఒకరు ఫోన్‌లోంచి తలే ఎత్తలేదు. గొంతు వణికింది. మేనేజర్ "నాకూ అదే డౌటు, కనుక్కుని చెబుతా" అన్నారు. వణుకు గురించి తర్వాత పక్క సీటు ఆయన్ని అడిగాను. "ఎప్పుడు?" అన్నారు.

రెండోది బాగా జరగలేదు. విరామంలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే వెళ్ళి, స్వరపేటిక గారు చెప్పినట్టే ఆఖరి మాట పట్టుకుని ఒకటి అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. నా మాట మీదుగానే ఇంకొకాయన మొదలుపెట్టారు. నవ్వుతున్నట్టు మొహం పెట్టి అక్కడే నిలబడ్డాను. ఆ రాత్రి పడుకున్నాక అదే సీను మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంది.

స్వరపేటిక

మాట మీద మాట పడటం గుంపులో అందరికీ జరుగుతుంది. తేడా ఏంటంటే, వాగుడుకాయలు రెండోసారి అంటారు, మీరు అనరు. ఈసారి గమనించండి, ఒకే మాట రెండుసార్లు అనేవాళ్ళు ఎంతమందో. "అదే నేనంటున్నా" అని కాస్త గట్టిగా మళ్ళీ అనండి. రెండోసారీ పోతే పోనివ్వండి, మాట అంత విలువైనదేం కాకపోవచ్చు కూడా. పక్కనున్న ఒక్కరితోనే అనడం ఇంకో దారి. నలుగురున్న గుంపు తొందరగా రెండు జంటలుగా చీలుతుంది, మీకు ఒకరితో బాగానే వచ్చు కదా.

పాతకాపు

రాత్రి సినిమా గురించి. క్లార్క్, వెల్స్ నమూనాలో అదీ ఉంది, జరిగాక చేసే పోస్టుమార్టం. అందులో మోసం ఎక్కడంటే, మీరు వేసుకునే రీలులో ఎదుటివాళ్ళ మొహాలు ఉండవు, చూడలేదు కాబట్టి. ఉండేది మీ లోపలి అనుభూతి మాత్రమే. ఎంతసేపు తిప్పినా కొత్త సాక్ష్యం దొరకదు, ప్రతి రౌండుకీ కొంచెం నల్లబడుతుంది అంతే. ఆలోచించొద్దు అని మాత్రం అనను, అంటే ఇంకా వస్తుంది. జరిగినవి జరిగినట్టు, కెమెరాకి కనిపించేవి మాత్రమే రెండు మూడు వాక్యాలు రాసి ఆపేయండి. "ఒక మాట అన్నాను. ఇంకొకాయన మొదలుపెట్టారు. నిలబడ్డాను." ఇంతే కదా జరిగింది. "వాళ్ళు నన్ను లెక్కచేయలేదు" అన్నది కెమెరాకి కనిపించదు.

మనుషులు ఒకరినొకరు కొత్తగా కలిసి మాట్లాడుకున్నాక, అవతలివాళ్ళకి తాము ఎంత నచ్చామో తక్కువగా అంచనా వేసుకుంటారని 2018లో ఒక పరిశోధన వచ్చింది. భయం ఉన్నవాళ్ళు అని కాదు, మామూలుగా అందరూ. బిడియం ఎక్కువ ఉన్నవాళ్ళలో ఆ తేడా ఇంకా ఎక్కువ. మీ రాత్రి తీర్పుని ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

రాత్రిడ్యూటీ

వీటితో కుదరకపోతే ఎప్పుడు వెళ్ళాలి డాక్టర్ దగ్గరికి? వెళ్తే ఏం అడగాలి? ఒకసారి వెళ్తే ఒకాయన గంటసేపు నా చిన్నతనం విని, పాజిటివ్‌గా ఉండండి అని పంపించారు.

పాతకాపు

భయం ఆరు నెలలకు పైగా ఉండి, దానివల్ల చదువో, ఉద్యోగమో, మనుషులో దూరమవుతుంటే వెళ్ళాల్సిందే. బతకాలని లేదు అనిపిస్తున్నా, తాగుడు మొదలైనా ఆరు నెలలు ఆగక్కర్లేదు.

వెళ్ళినప్పుడు నేరుగా అడగండి. సీబీటీ అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ కలిపి మార్చే థెరపీ. "సోషల్ యాంగ్జైటీకి సీబీటీ చేస్తారా? సెషన్‌లో ప్రయోగాలు చేయిస్తారా, వీడియో వాడతారా, బయటికి తీసుకెళ్తారా? మధ్యలో ఇంటిపని ఉంటుందా? తగ్గుతోందో లేదో దేనితో కొలుస్తారు?" ఈ భయాన్ని కొలిచే లీబోవిట్జ్ స్కేలు లాంటిది వాడతామంటే మంచి గుర్తు. అందులో 24 సందర్భాలు ఉంటాయి, ఒక్కొక్కదానికీ ఎంత భయం, ఎంత తప్పించుకుంటున్నారు అని విడిగా మార్కులు వేస్తారు. భయం అంతే ఉండి తప్పించుకోవడం తగ్గిందంటే, అదీ మెరుగే. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స మంచిదో చెప్పే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి ముందుగా చెప్పింది ఇలాంటి, ఒక్కొక్కరికీ విడిగా చేసే సీబీటీనే. క్లార్క్ పద్ధతిలో అయితే గంటన్నర చొప్పున 14 సెషన్ల వరకు, నాలుగు నెలల్లో. ఊరికే విని ఓదార్చే థెరపీని దీనికి మామూలుగా ఇవ్వొద్దని కూడా అందులోనే ఉంది. మీరు వెళ్ళొచ్చిన గంట ఆ రకమే అనుకుంటా.

అలా చేసేవాళ్ళు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో చేసేవాళ్ళని వెతకండి. క్లినిక్‌కి ఫోన్ చేయడమే భయమైతే మెయిల్‌లో అపాయింట్‌మెంట్ అడగండి, లేదా మీ తరఫున ఒకర్ని చేయమనండి. ఆ ఒక్క ఫోనుకి మాత్రం ఎవరైనా మీ బదులు మాట్లాడినా తప్పులేదు.

నీలికలువ

ఇంకోటి కూడా అడగండి: "ఆటిజం ఉన్న పెద్దవాళ్ళని ఎప్పుడైనా చూశారా?" లేదు అంటే, మీలో నేను రాసిన లక్షణాలు ఉంటే, అక్కడ మొదలుపెట్టకండి.